మలుగు చేపతో మొదలైన నా జర్మన్

పోయిన ఆదివారం మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. బీఎస్సీ నర్సింగ్ చదివి, రెండేళ్లుగా విజయవాడలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. జర్మనీకి రావాలని జర్మన్ భాషలో బీ1 అనే మధ్యస్థాయి పరీక్షకు తయారవుతోంది. "అక్కా, రోజుకు యాభై మాటలు బట్టీ పడుతున్నా. డిక్షనరీ ఏ నుంచి మొదలెట్టి ఈ దాకా వచ్చేశా. ఇలాగే పోతే భాష వచ్చేస్తుంది కదా?" అని అడిగింది.

నాకు వెంటనే నోరు పెగల్లేదు. 2013లో నేను చేసిందీ అచ్చంగా ఇదే. వచ్చేస్తుందంటే అబద్ధం. బట్టీ దండగ, మానెయ్యమంటే అంతకన్నా పెద్ద అబద్ధం. సాయంత్రం చెబుతానని ఫోన్ పెట్టేశాను కానీ, ఆ సాయంత్రం చెప్పింది నాకే సరిగ్గా అనిపించలేదు. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఏడాది అక్టోబరులో మా ఆయన ఉద్యోగం కోసం జర్మనీలోని డ్రెస్డెన్ వచ్చాం. వచ్చిన రెండో వారమే పాత పుస్తకాల కొట్లో పసుపు అట్ట ఉన్న చిన్న జర్మన్–ఇంగ్లీషు డిక్షనరీ కొన్నాను. రెండు గీతల నోటు పుస్తకం తీసుకుని ఎడమపక్క జర్మన్, కుడిపక్క ఇంగ్లీషు రాసుకుంటూ రోజుకు ముప్పై మాటలు. మొట్టమొదటి మాట 'ఆల్'. అంటే మలుగు చేప, కోనసీమ కాలవల్లో పాములా జారిపోయేది. జర్మన్ నేర్చుకుందామని కూర్చుంటే మా ఊరి కాలవ కనిపించింది. మంచి శకునం అనుకున్నాను.

సంక్రాంతి నాటికి ఏ అయిపోయి, బీ చివరికి వచ్చాను. నోటు పుస్తకంలో దాదాపు మూడు వేల మాటలు. ఎక్కడ అడిగినా చెప్పగలను. కానీ కూరల కొట్టుకు వెళ్తే ఉల్లిపాయలు చేత్తో చూపించాల్సిందే. ఎందుకంటే ఉల్లిపాయ 'త్స్వీబెల్', జెడ్ అక్షరంలో ఉంది. ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఏమిటి, ఎవరు, ఎలా: జర్మన్‌లో ఈ ప్రశ్నలన్నీ డబ్ల్యూతో మొదలవుతాయి. నా లెక్కన వాటి దగ్గరికి వెళ్లడానికి ఇంకో ఏడాదిన్నర పట్టేది. నిఘంటువు మాట వెతుక్కోవడానికి కట్టిన ఇల్లు. అందులో వరసగా నడవాలని ఎవరూ కట్టలేదు. ఆ సంగతి నాకు తట్టడానికి నాలుగు నెలలు పట్టింది.

అంతకన్నా బాధపెట్టింది ఇంకొకటి. అక్షర క్రమంలో చదివితే ఒకే పోలికున్న మాటలన్నీ ఒకే రోజు మీద పడతాయి. ఆన్‌బీటెన్, ఆన్‌ఫాంగెన్, ఆన్‌గేబెన్, ఆన్‌హాల్టెన్, ఆన్‌కొమ్మెన్, ఆన్‌నేమెన్, ఆన్‌రూఫెన్, ఆన్‌త్సీయెన్. ఇవ్వజూపడం, మొదలవడం, వివరం చెప్పడం, ఆగడం, చేరడం, పుచ్చుకోవడం, ఫోన్ చేయడం, బట్టలు వేసుకోవడం. ఎనిమిది మాటలూ ఆ రాత్రి వచ్చాయి. మర్నాడు పొద్దున ఒకదాని అర్థం ఇంకొకదానికి అంటుకుంది. ఒకే కాన్పులో పుట్టిన ఎనిమిది మందికి ఒకే రంగు చొక్కాలు తొడిగి, పేర్లు చెప్పమన్నట్టుగా ఉండేది.

పోనీ ఆన్‌రూఫెన్ గట్టిగానే వచ్చిందనుకోండి. ఒకరోజు వీసా కాగితాల విషయమై ఒకాయన ఫోన్‌లో, "ఇఖ్ రూఫే జీ మోర్గెన్ ఆన్" అన్నాడు. రేపు మీకు ఫోన్ చేస్తాను అని. నాకు 'రూఫే' వినిపించింది, ఏదో పిలుపు అనుకున్నాను. 'మోర్గెన్' రేపు. చివర్న 'ఆన్' ఒంటరిగా వచ్చి పడింది. దాన్ని దేనికి అతికించాలో తెలిసేలోపు ఆయన ఫోన్ పెట్టేశాడు. రేపు రమ్మని పిలుస్తున్నాడనుకుని మర్నాడు ఆ ఆఫీసుకు వెళ్లి గంటన్నర కూర్చున్నాను. నేను బట్టీ పట్టిన మాటే, నోటు పుస్తకంలో నా చేత్తో రాసుకున్న మాటే. వాక్యంలోకి వచ్చేసరికి తల ఒకచోట, తోక ఒకచోట పెట్టుకుని వచ్చింది.

పళ్ల డాక్టరు దగ్గర జరిగింది అయితే ఇప్పటికీ మర్చిపోలేను. అపాయింట్‌మెంట్ అడిగితే 'ఫిర్టెల్ డ్రై' అన్నారు. ఫిర్టెల్ అంటే పావు, డ్రై అంటే మూడు. రెండూ తెలుసు. మూడుంపావు అనుకుని పది నిమిషాలు ముందే వెళ్లాను. నా సమయం గంట క్రితమే అయిపోయింది. ఇంకో తేదీకి మూడు వారాలు ఆగమన్నారు, పంటి నొప్పితో. ఇంటికొచ్చి పక్కింటి పెద్దావిడకు చెబితే, ఆవిడ వంటింటి బల్ల మీద కాగితం పెట్టి గడియారం బొమ్మ గీసింది. రెండు కొట్టగానే మూడో గంట మొదలవుతుంది. ఆ మూడో గంటలో పావు వంతు గడిస్తే 'ఫిర్టెల్ డ్రై', అంటే మన రెండుంపావు. సగం గడిస్తే 'హల్ప్ డ్రై', రెండున్నర. ముప్పావు గడిస్తే 'డ్రైఫిర్టెల్ డ్రై', పావుతక్కువ మూడు. డ్రెస్డెన్ ఉన్న ఈ సాక్సనీ రాష్ట్రంలోనూ, తూర్పు జర్మనీలో చాలా చోట్లా ఇలాగే అంటారు. రెండున్నరకు 'హల్ప్ డ్రై' అనడం దేశమంతటా ఉన్నదే.

ఆవిడ గీసి చూపిస్తుంటే నాకు మా అమ్మమ్మ మాట గుర్తొచ్చింది. "పిల్లాడికి మూడో ఏడు నడుస్తోంది" అంటే రెండు నిండాయని కదా. మనం వయసుకు వాడే లెక్కనే వీళ్లు గడియారానికి వాడుతున్నారు. అంతే. మళ్లీ ఎప్పుడూ తప్పలేదు.

అదే రాత్రి నోటు పుస్తకం మూసేసి, ఏం తప్పు చేస్తున్నానా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. నాకు బట్టీ మీద కోపం రాలేదు. రాకపోవడానికి కారణం మా తాతగారు.

తాతగారు హైస్కూల్లో తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. నా ఎనిమిదో ఏట వేసవి సెలవుల్లో వీధి అరుగు మీద కూర్చోబెట్టుకుని అమరకోశం సంత చెప్పేవారు. రోజుకు రెండు శ్లోకాలు. ఆయన ఒక పాదం అంటే నేను రెండుసార్లు అనాలి. పుస్తకం నా చేతికి ఇచ్చేవారు కాదు. మూడు కాండలు, సుమారు పదిహేను వందల శ్లోకాల గ్రంథంలో నేను నేర్చుకున్నది స్వర్గవర్గం, తర్వాత మనుష్యవర్గంలో కొంత. అదైనా ఇవాళ్టికీ నోట్లో ఉంది.

స్వర్గం పేర్లు చెప్పే శ్లోకంలో రెండో భాగం ఇలా ఉంటుంది: "సురలోకో ద్యోదివౌ ద్వే స్త్రియాం క్లీబే త్రివిష్టపమ్". ఇందులో పర్యాయపదాలు ఒక్కటే లేవు. ద్యో, దివ్ రెండూ స్త్రీలింగం, త్రివిష్టపం నపుంసకం అని కూడా ఆ పాదంలోనే చెప్పేశాడు అమరసింహుడు. ఈ గ్రంథం అసలు పేరే నామలింగానుశాసనం, పేర్లూ వాటి లింగాలూ నేర్పేది. "పేరొక్కటే పట్టుకోకు అమ్మడూ, అది ఏ లింగమో కూడా నోట్లోనే ఉండాలి" అని తాతగారు అనేవారు. ఎనిమిదేళ్ల పిల్లకు అదెందుకో తెలియదు. ముప్పై ఏళ్ల వయసులో, డ్రెస్డెన్‌లో, మంచు పడుతున్న జనవరి రాత్రి తెలిసింది.

ఎందుకంటే జర్మన్‌లోనూ ప్రతి నామవాచకానికీ లింగం ఉంది: డేర్, డీ, డాస్. బల్ల, కుర్చీ పుంలింగం, దీపం, తలుపు స్త్రీలింగం, కిటికీ నపుంసకం. నా నోటు పుస్తకంలో మూడు వేల మాటల్లో ఒక్కదానికీ నేను లింగం రాసుకోలేదు. డిక్షనరీలో మాట పక్కనే చిన్న అక్షరంతో ఇచ్చాడు, అది జాగా దండగ అని వదిలేశాను. ఈ లింగం అలంకారం కాదు, అర్థాన్నే మార్చేస్తుంది. 'డేర్ జే' అంటే చెరువు, 'డీ జే' అంటే సముద్రం. 'డేర్ లైటర్' అంటే పై అధికారి, 'డీ లైటర్' అంటే నిచ్చెన. అది తెలియకపోతే విశేషణం చివర ఏమొస్తుందో, విభక్తిలో ఏం మారుతుందో ఏదీ తేలదు. అప్పుడు మూడు వేల మాటలూ తాళంచెవి లేని మూడు వేల పెట్టెలు.

అమరకోశం మొదట్లోనే లింగం ఎలా గుర్తుపట్టాలో ఒక శ్లోకం ఉంది. ఎక్కువగా పదం రూపాన్ని బట్టి, కొన్నిచోట్ల పక్కనున్న పదాన్ని బట్టి, మరికొన్నిచోట్ల విడిగా చెప్పిన నియమాన్ని బట్టి తెలుసుకోమంటాడు. రూపభేదం, సాహచర్యం, విశేషవిధి. ఈ మూడూ జర్మన్‌కు అతికినట్టు సరిపోయాయి. 'ఉంగ్', 'హైట్', 'కైట్', 'షాఫ్ట్' అనే ప్రత్యయాలతో ముగిసే నామవాచకాలు స్త్రీలింగం. 'షెన్' చేరి చిన్నదనం చెప్పేవి నపుంసకం. ఇది రూపం. మాటను ఒంటరిగా కాక 'బరువైన తలుపు', 'పాత బల్ల' అని విశేషణంతో కలిపి వల్లె వేస్తే లింగం దానంతటదే నోటికి వస్తుంది. ఇది సాహచర్యం. 'ఎ'తో ముగిసేవి చాలావరకు స్త్రీలింగమే అయినా, జున్ను మాత్రం 'డేర్ కేజే', కన్ను 'డాస్ ఆఉగే'. ఇలాంటివి విడిగా గుర్తుంచుకోవాల్సిందే. ఇది విశేషవిధి.

మేడ్షెన్, అంటే అమ్మాయి, నపుంసకలింగం అని చెబితే క్లాసులో వేరే దేశాల వాళ్లు ఆశ్చర్యపోయారు. నాకేమీ వింత అనిపించలేదు. సంస్కృతంలో భార్య అనే అర్థమున్న 'దార' శబ్దం పుంలింగం, అదీ ఎప్పుడూ బహువచనం. 'కళత్రం' నపుంసకం. మన తెలుగులో మాత్రం? పిల్ల వచ్చింది, బస్సు వచ్చింది. క్రియ ఒక్కటే.

అలా మళ్లీ మొదలుపెట్టాను. నోటు పుస్తకం పక్కనపెట్టి అట్టముక్కలు కత్తిరించాను. ప్రతి ముక్క మీదా లింగం, బహువచనం, ఒక చిన్న వాక్యం. కంటితో కాదు, నోటితో, పైకి. మా ఆయన పక్కగదిలో ఉంటే తలుపేసుకుని. గట్టిగా అనడం ఎందుకు ముఖ్యమో 'ఉమ్‌ఫారెన్' అనే ఒక్క మాట చాలు. ముందు అక్షరం మీద ఊనిక పెడితే బండితో గుద్ది పడేయడం. 'ఫా' మీద పెడితే పక్కనుంచి చుట్టి వెళ్లడం. రాతలో రెండూ ఒకటే. ఇంత తేడాను కళ్లతో ఎలా బట్టీ పడతాం?

ఇంకో మార్పు కూడా చేశాను. అట్ట వెనక ఇంగ్లీషు రాయడం మానేసి తెలుగు రాశాను. నా జర్మన్ నిజంగా కదిలింది అప్పుడే అని నా నమ్మకం.

'డోఖ్' తీసుకోండి. నా డిక్షనరీలో దీనికి ఇంగ్లీషులో అరడజను అర్థాలున్నాయి, ఏదీ పనిచేయలేదు. "నువ్వు రావా?" అని అడిగితే జర్మన్లు "డోఖ్!" అంటారు. మనం ఏమంటాం? "ఎందుకు రాను!" అంటాం. అదే డోఖ్. ఇంటికొచ్చిన మనిషితో "జెట్స్ డిఖ్ డోఖ్" అంటే "కూర్చోరాదూ". 'మాల్' అనే మాట ప్రతి వాక్యంలోనూ దొర్లుతుంది. "గుక్ మాల్" అంటే "ఓసారి చూడు", "కొమ్ మాల్ హేర్" అంటే "ఓసారి ఇటు రా". నిజంగా ఒకసారే అని కాదు, మాట మెత్తబడటానికి. ఆ మాల్ పుట్టింది 'ఐన్‌మాల్' నుంచి, దాని అర్థం కూడా ఒకసారి అనే! ఇంగ్లీషు మీదుగా వెళ్తే ఈ దారి కనబడదు.

చలి విషయం కూడా అంతే. ఇంగ్లీషు లెక్కన "ఇఖ్ బిన్ కాల్ట్" అనేదాన్ని, నేనే చల్లగా ఉన్నట్టు. అసలు మాట "మీర్ ఇస్ట్ కాల్ట్". 'మీర్' అంటే నాకు. నాకు చలిగా ఉంది! "డాస్ గెఫెల్ట్ మీర్" అంటే అది నాకు నచ్చింది. ఈ 'నాకు' వాడుక మన నాలుక మీద పుట్టుకతో ఉంటే, దాన్ని వదిలి ఇంగ్లీషు చుట్టూ ఎందుకు తిరిగానో. 'ఎందుకంటే' అని మొదలైన ఉపవాక్యంలో క్రియ చివరికి వెళ్లిపోవడం కూడా మనవాళ్లకు ఒంట్లో ఉన్న అలవాటే.

బట్టీ ఒక్కదానితో ఏం సాధించవచ్చో, ఎక్కడ ఆగిపోతుందో చూడాలంటే నైజెల్ రిచర్డ్స్‌ను చూడాలి. అక్షరాలు పేర్చి మాటలు కట్టే స్క్రాబుల్ ఆటలో దిట్ట, న్యూజిలాండ్‌కు చెందినవాడు. ఫ్రెంచి మాట్లాడటం రాదు. తొమ్మిది వారాలు ఫ్రెంచి స్క్రాబుల్ పదకోశాన్ని మనసుకు ఎక్కించుకుని, 2015లో బెల్జియంలో జరిగిన ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీలో గెలిచాడు. 2024లో స్పెయిన్‌లోని గ్రనాడాలో స్పానిష్‌లోనూ గెలిచాడు. ఆ ధారణ శక్తికి చేతులెత్తి దండం పెట్టాలి. మన అవధానుల ఊళ్లో పుట్టాల్సినవాడు. అయితే ఆయనకు మాటలు అక్షరాల అమరికలు. ఆటకు అర్థంతో పని లేదు, లింగంతో పని లేదు, అవతలి మనిషితో పని లేదు.

నేనూ ఒకప్పుడు ఆ పని చేసినదాన్నే. కాకినాడలో ఇంజనీరింగ్ నాలుగో ఏడాది, 2004. మా హాస్టల్లో ఎవరి గదిలో చూసినా జీఆర్ఈ పదాల జాబితా, 3500 మాటలు. పేజీలు చింపి పంచుకునేవాళ్లం, మెస్‌లో కంచం పక్కన పెట్టుకుని చదివేవాళ్లం. అప్పట్లో వ్యతిరేక పదాలు విడిగా అడిగేవారు. 2011లో పరీక్ష మారాక అవి తీసేశారు. నాకు మార్కులు బాగానే వచ్చాయి, అమెరికా మాత్రం వెళ్లలేదు. మూడు నెలలు తిరిగేసరికి ఆ మాటల్లో చాలావరకు జారిపోయాయి. వాటితో నేను ఎవరితోనూ ఏమీ అనలేదు కదా, ఎందుకుంటాయి?

మరుపు గురించి మొదట కొలిచి చెప్పినవాడు కూడా జర్మనే, హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. అర్థం లేని అక్షరాల గుంపులు తనే బట్టీ పట్టి, కొంత విరామం ఇచ్చి, మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో చూసుకుని 1885లో ప్రచురించాడు. ఒక రోజు గడిచేసరికి మూడో వంతు శ్రమ మాత్రమే ఆదా అయ్యేది. నెల తర్వాత అయిదో వంతు. అంటే మరుపంతా మొదట్లోనే, గబగబా. ఆ మరుపుకు అడ్డుకట్టగా జెబాస్టియాన్ లైట్నర్ 1972లో అయిదు అరల పెట్టె పద్ధతి చెప్పాడు. నేను చెప్పుల డబ్బాలో అట్టలు అడ్డం పెట్టి అదే చేశాను. సరిగ్గా చెప్పిన ముక్క వెనక అరలోకి వెళ్తుంది, తప్పితే ఎంత వెనకున్నా మొదటి అరకు వచ్చేస్తుంది. మొదటి అర రోజూ, చివరి అర ఎప్పుడో నెలకోసారి. ఇప్పటి పిల్లలు వాడే 'అంకి' యాప్ చేసేదీ ఇలాంటి లెక్కే. ఆ పేరుకు జపనీస్‌లో అర్థం కంఠస్థం అని తెలిసినప్పుడు తాతగారికి చెప్పాలనిపించింది. అప్పటికే ఆయన లేరు.

ఆ చెప్పుల డబ్బాతో ఏడాదిన్నరలో బీ1 దాటి, దాని పై మెట్టు బీ2 దాకా వెళ్లాను. ముందు నాలుగు నెలలూ వృథా అనను. ఆ మూడు వేల మాటలు నా లోపల నిద్రపోతూ ఉన్నాయి, వాక్యంలో ఎదురైనప్పుడల్లా ఒక్కొక్కటే లేచి కూర్చున్నాయి. ఆరేళ్ల తర్వాత హాంబర్గ్ చేపల మార్కెట్లో పొగబెట్టిన మలుగులు వేలాడుతుంటే, "డేర్ ఆల్!" అని పిల్లలకన్నా ముందు నేనే అరిచాను.

ఇక మా చెల్లికి చెప్పింది. డిక్షనరీ మూసెయ్యమన్నాను. జర్మన్ పరీక్షలు పెట్టే గోథే సంస్థ వాళ్లు పరీక్షకు పదాల జాబితాలు ఉచితంగానే ఇస్తారు. మొదటి మెట్టయిన ఏ1కు సుమారు 650 మాటలు, బీ1కు సుమారు 2400, దాదాపు ప్రతి మాటకూ ఉదాహరణ వాక్యంతో. ఆ 2400 బట్టీ పట్టు, బాగా పట్టు, సిగ్గుపడకుండా పట్టు అన్నాను. బట్టీ అంటే మన చదువులకు చెడ్డపేరు వచ్చేసింది కానీ, ఆసుపత్రిలో రోగి 'నాకు కళ్లు తిరుగుతున్నాయి' అన్నప్పుడు అర్థం వెతుక్కునే తీరిక నర్సుకు ఉండదు. ఆ మాట ముందే లోపల ఉండాలి. యాభై కాదు, రోజుకు పదిహేను చాలు. అయితే ఒక్కో మాటా దాని లింగంతో, బహువచనంతో, ఒక వాక్యంతో రావాలి. ఆన్‌రూఫెన్‌లా విడిపోయే క్రియ అయితే విడిపోయిన రూపంలోనే నేర్చుకో, తోక చివర్న పెట్టి. వెనక తెలుగు రాయి.

"ఇన్నీ చేస్తే ఏడాది పడుతుంది కదక్కా" అంది, గొంతు చిన్నబోయి. పడుతుందన్నాను.

మొన్న మంగళవారం రాత్రి తన నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. డ్యూటీ దిగి బస్‌స్టాప్‌లో ఉన్నట్టుంది, వెనక హారన్లు. నెమ్మదిగా, ఒక్కో మాటా పట్టుకుని అంది: "ఇఖ్ రూఫే డిఖ్ మోర్గెన్..." కాస్త ఆగి, "ఆన్."

బుధవారం పొద్దున ఫోన్ మోగింది.